కొండ మీద గుండె రోగులు లేరు

చిలకలకొండ మీదికి మూడు వందల పన్నెండు మెట్లు. ఈ లెక్క మునిసిపాలిటీ రికార్డుల్లోది కాదు, సువార్తమ్మ మోకాళ్ళు చెప్పింది. రికార్డుల్లో రెండు వందల తొంభై ఆరే ఉన్నాయి. మిగతా పదహారూ ఎవరికోసం ఎక్కుతున్నారో పైవాళ్ళకి తెలియదు.

నీలాద్రిపట్నం ఊరంతా కింద పరుచుకుని ఉంటే, చోటు చాలనివాళ్ళు ఈ కొండ వాలున రెండు వందల గడపలు కట్టుకున్నారు. గ్యాస్ బండ వచ్చినా, బియ్యం బస్తా వచ్చినా, కొత్త పెళ్ళికూతురు వచ్చినా మెట్ల మీదుగానే రావాలి. రోడ్డు వెయ్యండి మహాప్రభో అని ఇరవై ఏళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా మెట్ల మొదట్లో ఒక శంకుస్థాపన ఫలకం లేచేది. అట్లా నాలుగు ఫలకాలు లేచాయి. ఎక్కబోయే ముందు వాటికి వీపు ఆనించి ఊపిరి పీల్చుకోవడం జనానికి అలవాటైపోయింది.

సువార్తమ్మది పైనుంచి మూడో ఇల్లు. పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఆమె పెనిమిటి యేసోబు దర్జీ. కుట్టు మిషను కొండ కింద బడ్డీలో ఉంటుంది. పోయిన వేసవిలో అతనికి గుండె నొప్పి వచ్చింది. పెద్దాసుపత్రిలో స్టెంటు వేసిన డాక్టరు, "అంతా బాగానే ఉంది. మెట్లు మాత్రం ఎక్కకు" అన్నాడు.

"మా ఇల్లు మెట్ల పైనే ఉందండీ" అన్నాడు యేసోబు.

"అయితే ఇల్లు మార్చు" అని డాక్టరు తర్వాతి రోగిని పిలిచాడు.

ఇల్లు మార్చే తాహతు లేక యేసోబు తనే మారాడు. బడ్డీలో మిషను పక్కన మడత మంచం వేసుకుని అయిదు నెలలుగా అక్కడే ఉంటున్నాడు. సువార్తమ్మ మూడు పూటలా క్యారేజీ పట్టుకుని దిగుతుంది, ఖాళీ క్యారేజీ పట్టుకుని ఎక్కుతుంది. వాకిట్లో నిలబడి చూస్తే బడ్డీ మీది నీలం పట్టా కనిపిస్తుంది. కూరలో ఉప్పెక్కువైతే యేసోబు కిందనుంచి ఎర్రగుడ్డ పీలిక ఊపేవాడు. ఈమె పైనుంచి గరిటె చూపించేది. ముప్పై ఏళ్ళ కాపురం ఆ విధంగా నడుస్తోంది.

రోజంతా ఏదో ఒక పనిలో పడి పట్టించుకోదు గాని, అన్నం వడ్డించుకుని ఒక్కతే కూర్చున్నప్పుడు సువార్తమ్మకి ఏడుపొచ్చేది. ఇంత దగ్గర్లో ఉన్న మనిషి ఇంటికి రాలేకపోవడం ఏమిటని కోపమూ వచ్చేది.

అయితే ఈసారి రోడ్డు నిజంగానే మంజూరైంది. సర్వేయరు వచ్చి ఆమె పెరటి వెనక నుంచి ఎర్ర రంగు మేకులు కొట్టిపోయాడు. "ఉగాదికల్లా నా ఆటో మీ గుమ్మం ముందు ఆపుతా పిన్నీ. బాబాయిని దింపింది నేనే, ఎక్కించేదీ నేనే" అన్నాడు ఆటో జిలానీ. సువార్తమ్మ ఇంటికి సున్నం కూడా వేయించింది.

సరిగ్గా అప్పుడే ఊరికి 'హృదయ నగరం' పోటీ వచ్చిపడింది.

ఏ నగరం తన పౌరుల గుండెల్ని చల్లగా చూసుకుంటుందో ఆ నగరానికి రాష్ట్ర స్థాయిలో కిరీటం. అందుకోసం మునిసిపాలిటీ ముందుగా ఒక సదస్సు పెట్టింది. రాజధాని నుంచి వచ్చిన పెద్ద డాక్టరుగారు గంటసేపు చక్కగా చెప్పాడు. ఊరు ఎలా ఉంటే అక్కడి గుండెలు అలా ఉంటాయి; రొద, పొగ, నీడ లేని రోడ్లు, నడవడానికి చోటు లేని వీధులు నెమ్మదిగా గుండెని తినేస్తాయి; చెట్లు పెంచండి, హారన్లు తగ్గించండి, కాలిబాటలు ఖాళీ చేయించండి, ముసలీ ముతకా అందరూ హాయిగా తిరిగే దారులు వెయ్యండి అన్నాడు. అధికారులంతా శ్రద్ధగా విని, చప్పట్లు కొట్టి, కాలిబాట మీద వేసిన షామియానాలో జనరేటరు పక్కన కూర్చుని భోజనాలు చేశారు.

పోటీ కోసం నియమించిన ప్రత్యేకాధికారి పేరు పరాంకుశంగారు. ఆయన ఏ మాటనీ ఒక్క ముక్కలో చెప్పి ఎరగడు. "పరిశీలించిన మీదట" అనకుండా మంచినీళ్ళు కూడా అడగడని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన సంతకంతో ఉత్తర్వు వచ్చింది: "నగర పర్యావరణము – పౌరుల హృదయారోగ్యము – గృహ సర్వేక్షణ – తక్షణము ప్రారంభించవలెను."

చిలకలకొండ సర్వే ప్రమీలకి పడింది. వార్డు నర్సు. బీపీ మిషను భుజాన తగిలించుకుని మెట్లెక్కి, సువార్తమ్మ అరుగు మీద కూలబడి, చెంబెడు నీళ్ళు తాగి, పదినిమిషాల తర్వాత గాని మాట్లాడలేకపోయింది. తర్వాత సువార్తమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. మళ్ళీ చూసింది.

"ఏంటి పిన్నీ, నీ గుండె నిమిషానికి యాభై ఆరే కొట్టుకుంటోంది? పరుగుపందేలకి పోతావా?"

"క్యారేజీ పట్టుకుని పోతానమ్మా. మా ఆయన గుండె జబ్బుతో కిందున్నాడు. ఆ సంగతి రాసుకో."

"కిందున్నాయన కింది వార్డులో వస్తాడు. ఇక్కడ పడుకునేవాళ్ళనే ఇక్కడ రాయాలి."

"ఇక్కడికి ఎక్కలేకే గదమ్మా అక్కడ పడుకుంటంది!"

ప్రమీల కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "దానికి గడి లేదు పిన్నీ" అంది, నిజంగానే బాధపడుతూ.

ఆ గడి లేకపోవడం వల్ల చాలా విషయాలు బయటపడలేదు. కొండ మీద గుండె బాగాలేని మనిషి ఏనాడూ నిలవలేదు. యేసోబులాంటి వాళ్ళు మరో ఎనిమిది మంది కిందికి దిగి, చెల్లెళ్ళ ఇళ్ళల్లోనో, కొట్ల వసారాల్లోనో తలదాచుకుంటున్నారు. ఆలస్యంగా దిగినవాళ్ళు ఇంకా కిందికి, సమాధుల తోటలోకి చేరారు. పైన మిగిలింది మేకల్లాగా ఎక్కగలిగినవాళ్ళే.

సర్వే ఫలితాలు వచ్చాయి. చిలకలకొండ మీద గుండె రోగులు సున్నా. కొండ పాదంలో ఉన్న పద్నాలుగో వార్డులో ఊరు మొత్తానికీ ఎక్కువ. పరాంకుశంగారు ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా చూశాడట. సాయంత్రానికి ఆయనకి సత్యం తట్టింది.

"గాలి అదే, నీరు అదే, ప్రజలు వారే. తేడా ఏమిటి? పైవారికి రోడ్డు లేదు!" అన్నాడు సమావేశంలో. "పరిశీలించిన మీదట తేలినదేమనగా, రోడ్డు లేకపోవడమే హృదయారోగ్యమునకు మూలము. అట్టి అమూల్యమైన లేమిని మనము ఇరవై సంవత్సరములుగా ఎంతో శ్రమకోర్చి కాపాడుకుంటూ వచ్చాము. ఇప్పుడు రోడ్డు వేసి రెండు వందల కుటుంబాల గుండెలు పాడుచేయుదుమా?"

మరుసటి వారం సర్వేయరు వచ్చి ఎర్ర మేకులు పీక్కుపోయాడు. ఆ మర్నాడే సువార్తమ్మకి సన్మానం అన్నారు. 'నగర ఆదర్శ హృదయం' అనే బిరుదు, శాలువా, గుండె ఆకారంలో జ్ఞాపిక. టౌన్‌హాల్లో అందరి ముందూ శాలువా కప్పుతుంటే ఆమె పరాంకుశంగారి చేతులు రెండూ పట్టుకుంది.

"అయ్యగారూ, మీకు దణ్ణం పెడతా. రోడ్డు ఆపొద్దండి. మా ఆయన ఇంటికి రావాలండి."

"ఎందుకు రాడమ్మా? రమ్మనండి. మీ కొండ మీద అందరి గుండెలూ భేషుగ్గా ఉన్నాయి. ఆయనదీ బాగుపడుతుంది."

"బాగాలేనోళ్ళు ఎక్కలేరండి. అందుకే పైన లేరు."

"నేను చెప్పేదీ అదేనమ్మా" అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. "పైన లేరు."

సువార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ శాలువా తీసుకెళ్ళి యేసోబుకిచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "బట్ట మంచిదేనే, గుమ్మానికి తెర కుడదాం" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏ గుమ్మానికి కుట్టమంటావు? ఆ గుమ్మం నేను చూడాలంటే రోడ్డు పడాలి గదా" అన్నాడు. ఆమె క్యారేజీ విప్పింది.

ఇక ఊళ్ళో సంస్కరణలు ఊపందుకున్నాయి. కొండకి ఉన్న భాగ్యం చదును నేల మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఎందుకుండకూడదని 'సమతల సోపాన పథకం' పెట్టారు. పెద్దబజారులో నున్నటి రోడ్డుకి అడ్డంగా వంద గజాలకొకటి చొప్పున తొమ్మిది మెట్లు పైకి, తొమ్మిది మెట్లు కిందికి కట్టారు. ఎక్కి దిగితే ఎక్కడికీ చేరం, ఎక్కిన చోటికి అవతల దిగుతాం. జనం పక్కనుంచి తప్పుకుని పోతుంటే ఆ పక్కన ఇనప కంచె వేశారు. మునిసిపల్ ఆఫీసులో లిఫ్టుకి తాళం వేసి, 'మీ హృదయ శ్రేయస్సు కొరకు' అని బోర్డు తగిలించారు. పరాంకుశంగారి గది మూడో అంతస్తు. నెల తిరిగేసరికి ఆయన దగ్గరికి వచ్చే అర్జీలు పదో వంతుకి పడిపోయాయి. పథకం వల్ల ప్రజల కష్టాలు తొంభై శాతం తీరాయని నివేదికలో రాసుకున్నారు. ఆయన మాత్రం పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగేవాడు కాదు, భోజనం బుట్టలో పెట్టించి తాడుతో లాక్కునేవాడు.

చివరికి మునిసిపాలిటీ గుండె ఆసుపత్రిని కూడా కదిలించారు. "ఏ ప్రాంతమున గుండె జబ్బులు లేవో ఆ ప్రాంతముననే గుండె ఆసుపత్రి యుండుట శాస్త్రీయము" అని ఉత్తర్వు. ఈసీజీ మిషనుని నలుగురు మోసుకుంటూ మెట్లెక్కించారు. సువార్తమ్మ ఇంటి పక్కనున్న కమ్యూనిటీ హాల్లో బోర్డు కట్టారు. డాక్టర్ బాలశౌరి రోజూ ఎక్కి వచ్చి, ఖాళీ మంచాల మధ్య కూర్చుని, సాయంత్రం దిగిపోయేవాడు. మొదటి మూడు నెలల్లో ఆ ఆసుపత్రిలో మరణాలు సున్నా. రాష్ట్రంలో ఏ గుండె ఆసుపత్రికీ ఇంత మంచి పేరు లేదని పేపర్లలో వేయించారు. పాతరోగుల సంగతేమిటని ఎవరో అడిగితే, రావడం మానేశారు గనక కోలుకున్నట్టు భావించడమైనదని జవాబిచ్చారు.

"పిన్నిగారూ, ఎవరికీ చెప్పకండి" అన్నాడు బాలశౌరి ఒకనాడు ఇడ్లీ తింటూ. "ఈ మెట్లెక్కి ఎక్కి నాకే ఛాతీలో పట్టేసినట్టుంటోంది."

"కిందికి దిగిపోండి బాబూ. దిగిపోతే మీకూ జబ్బు లేనట్టే" అంది సువార్తమ్మ.

ఇంతలో తుది పరిశీలనకి రాష్ట్ర కమిటీ వస్తోందని కబురొచ్చింది. కమిటీ అధ్యక్షులవారు స్వయంగా చిలకలకొండ చూస్తారట. ఆఫీసంతా పండగ చేసుకుంది. మర్నాడు రెండో కబురొచ్చింది. అధ్యక్షులవారు భారీ మనిషి, డెబ్భై దాటినాయన, రెండుసార్లు బైపాస్ అయింది. మెట్లెక్కడం నిషిద్ధం.

పరాంకుశంగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. రోడ్డు లేని కొండని అధ్యక్షులవారు చూడాలంటే రోడ్డు వెయ్యాలి. ఇరవై ఏళ్ళు పట్టిన పని తొమ్మిది రోజుల్లో పూర్తయింది. బండలు పగలగొట్టారు, కంకర పోశారు, తారు పరిచారు, వంపుల్లో తెల్ల గీతలు కూడా గీశారు. ఉత్తర్వులో దాన్ని రోడ్డు అనలేదు, 'తాత్కాలిక ప్రవేశ మార్గము' అన్నారు. పర్యటన ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో తవ్వేసి కొండకి సహజ స్థితి పునరుద్ధరించాలని అందులోనే రాశారు. అందుకు జేసీబీని ముందుగానే తెచ్చి కొండ కింద నిలబెట్టారు.

సువార్తమ్మ వాకిట్లో నిలబడి ఆ నల్లటి రోడ్డు తన గుమ్మం దాకా రావడం చూసింది. తారు ఆరకముందే చెప్పు విప్పి కాలివేలితో తాకి చూసింది. తర్వాత జిలానీకి ఫోన్ చేసింది.

"ఎల్లుండి పెద్దోళ్ళ కార్లు ఎక్కుతాయిగా. ఆఖరి కారు వెనకాల నీ ఆటో ఉండాలి. అందులో మీ బాబాయి ఉండాలి."

"పోలీసులు ఆపితే?"

"గుండె మనిషి అని చెప్పు. అబద్ధం గాదుగా."

ఆ రోజు పన్నెండు కార్లూ వాటి వెనక ఒక ఆటో కొండెక్కాయి. పైన పందిట్లో అధ్యక్షులవారు మైకు ముందు కూర్చున్నారు. "ఇక్కడికి రోడ్డు లేదు! ఈ ప్రజల మహాభాగ్యమది!" అని ఆయన అంటుండగా ఎదురుగా కొత్త రోడ్డు మీద డ్రైవర్లు కార్లు వెనక్కి తిప్పుకుంటున్నారు. జనం చప్పట్లు కొట్టారు. సువార్తమ్మ ఆ మాటలేవీ వినలేదు. యేసోబు ఆటో దిగి, గుమ్మం పట్టుకుని నిలబడి, లోపలికి ఒకసారి చూసి, "సున్నం వేయించావే" అన్నాడు. ఆమె తలూపింది. అతను అరుగు మీద తన పాత చోట్లో కూర్చున్నాడు. ఆమె మనసు నిండిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. అధ్యక్షులవారికి తనిఖీ మీద బుద్ధి పుట్టింది. "ఎవరో ఒకరికి నా ముందే బీపీ చూడండి" అని చుట్టూ చూసి, అరుగు మీద ప్రశాంతంగా కూర్చున్న యేసోబుకేసి వేలు చూపించారు.

ప్రమీల పట్టీ కట్టింది. నూట డెబ్భై ఆరు. ఆమె తలెత్తకుండా, "స్టెంటు కూడా ఉందండీ" అంది. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాదు.

"కొండ మీద రోగులు సున్నా అన్నారే?" అన్నారు అధ్యక్షులవారు.

"రోడ్డు ప్రభావము సార్!" అన్నాడు పరాంకుశంగారు చప్పున. "పడి రెండు రోజులు కాలేదు, అప్పుడే మొదటి కేసు!"

"ఈయన ఈ ఊరివాడేనా, కాదా? అది చెప్పండి" అని అధ్యక్షులవారు మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

"కనుక్కుని మనవి చేస్తాను" అంటూ పరాంకుశంగారు సువార్తమ్మని నీళ్ళ డ్రమ్ము వెనక్కి తీసుకుపోయాడు. ఆయన నుదుటి మీద చెమటలు ధారకడుతున్నాయి. ఈ పోటీ మొదలయ్యాక మొదటిసారి 'పరిశీలించిన మీదట' జోలికి పోకుండా ఉన్నమాట చెప్పాడు.

"అమ్మా, ఆయన నీకేమీ కాడని చెప్పు. కిరీటం పోతుంది. నా ఉద్యోగం పోతుంది."

"జేసీబీ పోతుందా?"

"ఏమిటీ?"

"కిందున్న జేసీబీ. రోడ్డు తవ్వకుండా అది ఎల్లిపోతే నేను చెప్తా."

"అదెలా కుదురుతుందమ్మా? కొండకి రోడ్డు లేదనే కదా బహుమతి! ఫైల్లో లేని రోడ్డు కొండ మీద ఎలా ఉంటుంది?"

సువార్తమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. "ఇరవై ఏళ్ళు ఫైల్లో రోడ్డుంది, కొండ మీద లేదు. ఎవరన్నా అడిగారా అయ్యగారూ? ఇప్పుడు కొండ మీద ఉంటది, ఫైల్లో ఉండదు. ఎవరడుగుతారు? తవ్వేసినట్టు రాసుకోండి. మీకు రాయడం అలవాటేగా."

పరాంకుశంగారి పాతికేళ్ళ ఉద్యోగంలో ఇంత స్పష్టమైన నోట్ ఆయన దగ్గరికి ఎప్పుడూ రాలేదు. దానికి అభ్యంతరం రాయడానికి ఆయనకి ఏమీ దొరకలేదు. తల ఊపాడు.

"ఈయనెవరమ్మా?" అడిగారు అధ్యక్షులవారు.

"చుట్టపుచూపుగా వచ్చారండీ" అంది నగర ఆదర్శ హృదయం. "కింద ఉంటారు."

యేసోబు తెల్లబోయి ఆమె వంక చూశాడు. ఆమె పందిరి అవతలి నుంచి గరిటె ఎత్తినట్టు చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి గనక అతను నోరు మూసుకున్నాడు.

నీలాద్రిపట్నానికి కిరీటం వచ్చింది. రోడ్డు తవ్వేసినట్టు ఫొటోలతో సహా నివేదిక వెళ్ళింది. ఆ ఫొటోలు, పోటీ అయిపోయింది గనక పెద్దబజారులో సోపానాలు కూలగొడుతున్నప్పటివి. వాటిని కూలగొట్టడానికి వెళ్ళిన జేసీబీ ఇదే. నెల లోపల మరో ఎనిమిది ఇళ్ళకి జిలానీ ఆటోలో చుట్టాలు దిగారు. ఒక్కరూ తిరిగి వెళ్ళలేదు. పక్కింట్లోనే ఆసుపత్రి ఉంది. బాలశౌరి స్కూటరు మీద వస్తున్నాడు. తొమ్మిది మంది చుట్టాలకీ పేరు రాసుకోకుండా మందులిస్తున్నాడు. ఆసుపత్రి మంచి పేరు అలాగే ఉంది.

ఏడాది తిరిగాక సర్వే మళ్ళీ వచ్చింది. ఈసారి ప్రమీల వెంట పరాంకుశంగారు కూడా కారులో, లేని రోడ్డు మీద, ఝామ్మని ఎక్కి వచ్చాడు. అరుగు మీద యేసోబు ఎవరిదో జాకెట్టుకి హెమ్మింగ్ చేస్తున్నాడు. వెనక గుమ్మానికి శాలువా తెర గాలికి ఊగుతోంది. సువార్తమ్మ అందరికీ టీ ఇచ్చింది. ఈ మధ్య ఆమె నాడి డెబ్భైకి పెరిగింది. క్యారేజీ మొయ్యడం లేదు గదా.

పరాంకుశంగారు కాగితం మోకాలి మీద పెట్టుకుని, కలం తీసి, యేసోబు కళ్ళలోకి సూటిగా చూశాడు.

"గుండె జబ్బు ఉన్నవారెవరూ ఈ ఇంట్లో లేరు కదా?"

"లేనండీ" అన్నాడు యేసోబు, టీ ఊదుకుంటూ.